పగడాల ట్యాంకులో రోజువారీ ఆల్కలినిటీ లెక్క

ఇంట్లో గట్టి పగడాలు పెంచడం మొదలుపెట్టినవారు నీటి రసాయనం గురించి సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఏ సంఖ్య దగ్గర ఉంచాలి అన్నది. కాల్షియం ఎంత, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తటస్థం చేసే నీటి శక్తి) ఎంత, మెగ్నీషియం ఎంత అని అడిగి రాసుకుని, ట్యాంకు నీటిని ఆ సంఖ్యల దగ్గరికి తేవడానికి రకరకాల సీసాలు కొంటారు. అంతకన్నా ముందు తెలుసుకోవలసిన సంఖ్య ఒకటుందని, అది ఏ పుస్తకంలోనూ దొరకదని, ఎవరి ట్యాంకు నుంచి వారే కొలిచి తెచ్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. మీ ట్యాంకులోని పగడాలు ఒక రోజులో ఎంత ఆల్కలినిటీ వాడుకుంటున్నాయి అన్నదే ఆ సంఖ్య. అది తెలిస్తే నీటిని నిలకడగా ఉంచడం చాలావరకు కూడికలు, గుణకారాల పని అవుతుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన పరికరాలు పెట్టినా ఊహ మీద నడిచే పనే.

నేను డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటాను. నా ట్యాంకులో రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు పోగా, కింద ఉన్న సంప్‌తో కలిపి దాదాపు 250 లీటర్ల నీరు ఉంటుంది. అందులో ఎక్కువగా అక్రోపొరా, మాంటిపొరా జాతుల పగడాలున్నాయి. ఈ వ్యాసంలో లెక్కలన్నీ ఈ 250 లీటర్లకు కట్టి చూపిస్తాను, మీ ట్యాంకుకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

పగడపు దిబ్బల దగ్గర సముద్రపు నీటి లవణీయత సుమారు 35 పీపీటీ, అంటే కిలో నీటిలో 35 గ్రాముల లవణాలు. అందులో కాల్షియం 410 నుంచి 420 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు), మెగ్నీషియం 1,300 పీపీఎంకు కాస్త అటూ ఇటూ, ఆల్కలినిటీ దాదాపు 7 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం), పీహెచ్ 8.1 చుట్టూ ఉంటాయి. సముద్రంలో పగడం తీసుకున్నంత మళ్లీ వచ్చి చేరుతూనే ఉంటుంది. ప్రవాహాలు ప్రతి క్షణం కొత్త నీటిని తెస్తాయి కాబట్టి అక్కడి పగడానికి కొరత అన్నది తెలియదు. గాజు గోడల మధ్య అదే పగడం కొద్దిపాటి నీటిలో నుంచే తన అస్థిపంజరానికి కావలసినదంతా తీసుకోవాలి. తీసుకున్నది తిరిగి చేర్చే బాధ్యత మనది.

ఆ అస్థిపంజరం అరగొనైట్ అనే రూపంలో ఉన్న కాల్షియం కార్బొనేట్. దాన్ని కట్టుకోవడానికి పగడం నీటిలో నుంచి ఒక కాల్షియం అయాన్‌ను, రెండు బైకార్బొనేట్ అయాన్లను తీసుకుంటుందని, ఈ క్రమంలో ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు, ఒక నీటి అణువు విడుదలవుతాయని స్థూలంగా చెప్పుకోవచ్చు. ఆల్కలినిటీ అంటే ఆమ్లాన్ని తటస్థం చేయడానికి నీటిలో ఉన్న శక్తి. సముద్రపు నీటిలో ఆ శక్తిలో అధికభాగం బైకార్బొనేట్, కార్బొనేట్ల నుంచే వస్తుంది. కాబట్టి మనం ఆల్కలినిటీ కొలిచినప్పుడు పగడానికి అందుబాటులో ఉన్న ఇల్లు కట్టుకునే సామానును కొలిచినట్టే. పీహెచ్ వేరు, ఆల్కలినిటీ వేరు. రెండింటినీ ఒకటిగా భావించి పీహెచ్ పెంచే మందులు పోసేవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఈ చర్యలో పాళ్లు స్థిరంగా ఉంటాయి. 20 పీపీఎం కాల్షియం ఖర్చయితే దానితోపాటు 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ ఖర్చవుతుంది. తిప్పి చెబితే, ఒక డీకేహెచ్ తగ్గినప్పుడు కాల్షియం ఏడు పీపీఎంకు కొంచెం పైన తగ్గుతుంది. 420లో 7 అంటే రెండు శాతం కూడా కాదు, ఇంట్లో వాడే ఏ కిట్టూ ఆ తేడాను నమ్మకంగా చూపించలేదు. కానీ 7లో 1 అంటే పద్నాలుగు శాతం. గాదెలో నుంచి గిద్దెడు గింజలు తీస్తే తెలియదు, సోలలో నుంచి గిద్దెడు తీస్తే ఇట్టే తెలుస్తుంది. కాల్షియం గాదె, ఆల్కలినిటీ సోల. అందువల్లనే నేను కాల్షియం వారానికోసారి, మెగ్నీషియం నెలకు ఒకటి రెండుసార్లు చూస్తాను, ఆల్కలినిటీ మాత్రం దాదాపు రోజూ చూస్తాను. కాల్షియం బాగుంది కదా అని నిశ్చింతగా ఉన్న ట్యాంకులో ఆల్కలినిటీ ప్రమాదకరంగా పడిపోయి ఉండవచ్చు, రెండోది కొలవకుండా మొదటిదాన్ని చూసి అది పసిగట్టడం సాధ్యం కాదు.

రోజువారీ వాడకాన్ని కొలిచే పద్ధతి సులువే కానీ, ఓపిక కావాలి. ఆల్కలినిటీ పెంచే ద్రావణాలేవీ ఆ రోజు పోయకూడదు, నీరు మార్చకూడదు. ఒక రాత్రి తొమ్మిది గంటలకు కొలవాలి, మర్నాడు రాత్రి సరిగ్గా తొమ్మిదికి మళ్లీ కొలవాలి. పగలు వెలుతురులో పగడాలు ఎక్కువ వేగంగా, రాత్రి తక్కువ వేగంగా అస్థిపంజరం కట్టుకుంటాయి కాబట్టి కొలిచే సమయం మారితే లెక్క తప్పుతుంది. మొదటి రాత్రి 8.4, రెండో రాత్రి 7.6 వచ్చిందనుకుంటే రోజుకు 0.8 డీకేహెచ్ వాడకం. కొత్త ట్యాంకులో రెండు కొలతల మధ్య తేడా కిట్టు పొరపాటుకు లోబడే ఉంటుంది, అప్పుడు మూడు రోజులు ఆగి వచ్చిన తేడాను మూడుతో భాగించడం మంచిది.

తినే సోడా, అంటే సోడియం బైకార్బొనేట్, లీటరు నీటికి 30 మిల్లీగ్రాములు వేస్తే ఒక డీకేహెచ్ పెరుగుతుంది. 250 లీటర్లకు 7.5 గ్రాములు. రోజుకు 0.8 కావాలి కాబట్టి 6 గ్రాములు. లీటరు ఆర్‌ఓ నీటిలో 60 గ్రాముల సోడా కరిగించి పెట్టుకుంటే రోజుకు 100 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది. దీనికి జంటగా కాల్షియం కూడా అదే నిష్పత్తిలో ఇవ్వాలి. డైహైడ్రేట్ రూపంలోని కాల్షియం క్లోరైడ్ లీటరుకు సుమారు 52 గ్రాములు కరిగించిన వేరే సీసా నుంచి రోజుకు అదే 100 మిల్లీలీటర్లు. రెండింటినీ ఒకే సీసాలో కలిపినా, ఒకేసారి ఒకే చోట పోసినా తెల్లని సుద్దగా మారి అడుగుకు చేరుతుంది, పగడానికి ఏమీ అందదు. డోసింగ్ పంపు (నిర్ణయించిన మోతాదును తానే పోసే పంపు) ఉన్నవారు ఆ వంద మిల్లీలీటర్లను అయిదేసి మిల్లీలీటర్లుగా విడదీసి, సోడాకూ కాల్షియానికీ మధ్య కనీసం అరగంట ఎడం ఉంచి, ప్రవాహం బాగా ఉన్న చోట పడేటట్టు అమర్చుకోవాలి. పంపు లేనివారు చేత్తో పోయవచ్చు, కాకపోతే రోజు మొత్తానిదీ ఒక్కసారి గుమ్మరించకుండా ఉదయం సగం, రాత్రి సగం పోయాలి.

ఈ జంట ద్రావణాల పద్ధతిలో అంతగా చర్చకు రాని విషయం ఒకటుంది. సోడా నుంచి సోడియం, కాల్షియం క్లోరైడ్ నుంచి క్లోరైడ్ మిగిలిపోయి మామూలు ఉప్పు తయారవుతుంది. పైన చెప్పిన మోతాదులో లెక్క కడితే నెలకు లీటరుకు దాదాపు అర గ్రాము ఉప్పు కొత్తగా చేరుతుంది. నీరు మార్చకుండా నెలల తరబడి డోసింగ్ మీదనే నడిపే ట్యాంకులో లవణీయత మెల్లగా పైకి పాకడానికి, మిగతా లవణాలతో పోల్చితే సోడియం క్లోరైడ్ వాటా పెరిగిపోవడానికి ఇదే కారణం. దీనికి విరుగుడుగానే జర్మనీలో హాన్స్ వెర్నర్ బాలింగ్ పేరు మీద వచ్చిన పద్ధతిలో, సోడియం క్లోరైడ్ లేని లవణ మిశ్రమాన్ని మూడో ద్రావణంగా చేర్చి, చేరిన ఉప్పుతో కలిసి మొత్తం సముద్రపు పాళ్లలోకి వచ్చేటట్టు చూస్తారు. క్రమం తప్పకుండా నీరు మార్చేవారికి మూడో సీసా లేకున్నా నడుస్తుంది.

ఆల్కలినిటీ ఏ స్థాయిలో ఉండాలన్న ప్రశ్నకు నా సమాధానం 7.5 నుంచి 8.5 మధ్య ఎక్కడైనా ఫరవాలేదు, ఎంచుకున్న చోట ఉంచండి అన్నదే. ఎక్కువగా ఉంటే పగడాలు వేగంగా పెరుగుతాయన్న మాటలో నిజం ఉంది. అయితే నైట్రేట్, ఫాస్ఫేట్ అనే పోషకాలు దాదాపు సున్నాకు చేరిన ట్యాంకులో ఆల్కలినిటీని 10, 11 దాకా తీసుకుపోతే అక్రోపొరా కొమ్మల కొసలు తెల్లగా కాలినట్టు కావడం ఈ అభిరుచి ఉన్నవారందరికీ పరిచయమైన దృశ్యమే. అస్థిపంజరం ముందుకు పరుగెడుతుంటే దాని మీద పరుచుకోవలసిన కండ వెనకబడుతుందన్నది దీనికి సాధారణంగా చెప్పే వివరణ. 7.8 దగ్గర ఏడాదంతా ఉన్న ట్యాంకు, 7 నుంచి 9.5 మధ్య ఊగుతూ సగటున 8.2 చూపే ట్యాంకు కన్నా ఎంతో ఆరోగ్యంగా ఉంటుంది. ఎప్పుడైనా సరిదిద్దవలసి వచ్చినప్పుడు రోజుకు అర డీకేహెచ్‌కు మించి కదల్చకపోవడం నేను పాటించే నియమం. ఆల్కలినిటీ 6కు పడిపోయిన ట్యాంకును చూసి కంగారుపడి అదే సాయంత్రం 8.5కు తెచ్చేవారుంటారు. తక్కువ స్థాయిని కొన్ని రోజులు తట్టుకున్న పగడం ఆ ఒక్క సాయంత్రపు మార్పును తట్టుకోలేక కండ వదిలేయవచ్చు.

రోజూ కొలిచి రాసుకోవడంలో అసలు లాభం మరొకటి ఉంది, దాని కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. డోసింగ్ మార్చకుండానే ఆల్కలినిటీ రోజుకు కొంచెం చొప్పున పెరుగుతూ పోతోందంటే పగడాలు వాడుకోవడం తగ్గించాయని అర్థం. ఎదుగుదల ఆగిన పగడం రంగు మారడానికి చాలా ముందే ఈ సూచన కాగితం మీద కనిపిస్తుంది. హీటరు పాడై రాత్రిపూట నీరు చల్లబడుతున్నా, దీపం బలహీనపడినా, ఏదో పురుగు కొమ్మల మొదళ్లను తింటున్నా, చివరికి అందరి కన్నా ముందు చెప్పేది ఆ వాడకపు సంఖ్యే. ఇలాంటప్పుడు డోసు తగ్గించి సంఖ్యను సరిచేసి ఊరుకోవడం చాలా పెద్ద పొరపాటు. డోసు తగ్గించాలి, నిజమే, కానీ వాడకం ఎందుకు తగ్గిందో వెతకడం అప్పుడే మొదలుపెట్టాలి. దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది. వాడకం ఒక్కసారిగా పెరిగి, కొత్త పగడాలేవీ చేర్చకపోతే, నీటిలోనే కాల్షియం కార్బొనేట్ అవక్షేపంగా పడిపోతోందేమో చూడాలి. హీటరు మీద, పంపు లోపల తెల్లని గట్టి పొర, ఇసుక గడ్డలు కట్టడం దీనికి గుర్తులు.

ఇక్కడే మెగ్నీషియం పని వస్తుంది. సముద్రపు నీరు సహజంగానే కాల్షియం కార్బొనేట్‌తో అతిసంతృప్తమై ఉంటుంది, అంటే రసాయన సూత్రం ప్రకారం చూస్తే అది అవక్షేపించవలసినంత నిండుగా ఉంటుంది. అలా జరగకుండా ఆపుతున్న వాటిలో మెగ్నీషియం ముఖ్యమైనది. పుట్టబోయే సుద్ద స్ఫటికం మీద మెగ్నీషియం అయాన్లు చేరి అది పెరగకుండా అడ్డుపడతాయి. మెగ్నీషియం 1,100 పీపీఎం కిందికి దిగిన ట్యాంకులో ఎంత సోడా పోసినా, ఎంత కాల్షియం పోసినా రెండూ నిలబడవు. 1,250 నుంచి 1,400 మధ్య ఉంటే దాని గురించి ఆలోచించనక్కర లేదు. ఇది నెమ్మదిగా తగ్గే మూలకం, నెమ్మదిగానే సరిదిద్దవచ్చు.

జంట ద్రావణాలకు బదులు సున్నపు తేట వాడేవారు కూడా ఎందరో ఉన్నారు. 1970లలో పీటర్ విల్కెన్స్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి జర్మన్ పేరు కాల్క్‌వాసర్ ప్రపంచమంతా స్థిరపడింది. లీటరు ఆర్‌ఓ నీటిలో గ్రామున్నర కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, అడుగున మడ్డి పేరుకోనిచ్చి, పైన తేరిన తేటను ఆవిరైన నీటికి బదులుగా బొట్లు బొట్లుగా ట్యాంకులోకి వదులుతారు. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ పగడానికి కావలసిన పాళ్లలోనే వస్తాయి, వెనక ఉప్పు మిగలదు, నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది కాబట్టి పీహెచ్ కూడా కొంత మెరుగుపడుతుంది. పూర్తిగా సంతృప్తమైన తేట ఒక లీటరు 250 లీటర్ల ట్యాంకులో సుమారు 0.45 డీకేహెచ్ పెంచుతుంది. తాంబూలంలో వేసుకునే సున్నం కూడా మూలంలో ఇదే పదార్థం కానీ, అందులో ఏయే మలినాలున్నాయో తెలియదు కనుక ట్యాంకుకు వాడవద్దని తెలిసినవారందరికీ చెబుతుంటాను. ఊరగాయల కోసం ఆహార ప్రమాణంతో అమ్మే పొడి దొరుకుతుంది, అది మేలు.

సున్నపు తేటకు ఉన్న ప్రమాదం మాత్రం తేలికగా తీసుకోదగినది కాదు. దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. నీటిమట్టాన్ని చూసే ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుపోయి ఇరవై లీటర్ల తేట మొత్తం ఒక రాత్రిలో ట్యాంకులోకి పోతే, తెల్లవారేసరికి నీరు పాలలా మారి పగడాలు, చేపలు రెండూ పోతాయి. అందువల్ల తేటను నేరుగా మట్టం స్విచ్‌కు వదిలేయకుండా, రోజుకు ఇంత అని కొలత నిర్ణయించిన డోసింగ్ పంపుతోనే పంపాలని నా సలహా. పెద్ద ట్యాంకులు నడిపేవారు కాల్షియం రియాక్టరు పెట్టుకుంటారు. అందులో అరగొనైట్ ముక్కల మీదుగా కార్బన్ డయాక్సైడ్ కలిపిన నీటిని పంపితే ఆమ్లగుణానికి ముక్కలు కరిగి కాల్షియం, ఆల్కలినిటీ విడుదలవుతాయి. 250 లీటర్లకు అంత సరంజామా అవసరమని నేను అనుకోను.

ఇన్ని లెక్కలకూ పునాది లవణీయత. లవణీయత 35 నుంచి 33కు దిగితే ఆల్కలినిటీ, కాల్షియం, మెగ్నీషియం అన్నీ కలిసికట్టుగా ఆరు శాతం తగ్గుతాయి. అది గమనించకుండా ఒక్కొక్కదాన్నీ విడివిడిగా పెంచుకుంటూ పోతే లవణీయత సరైనప్పుడు అన్నీ హద్దు దాటి ఉంటాయి. ఆవిరయ్యేది మంచినీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. కాబట్టి పోయవలసిందీ మంచినీరే. ఎండాకాలంలో నా ట్యాంకు నుంచి రోజుకు నాలుగైదు లీటర్లు ఆవిరవుతాయి, వాటిని రెండు మూడు రోజులకోసారి ఒకేసారి పోయడం కన్నా తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెం చేర్చే ఏర్పాటు ఉండాలి. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరును ఆర్‌ఓ నీటితో సున్నాకు సరిచేసి వదిలేయడం సరిపోదు. మనం కొలిచేది 35 దగ్గర కనుక 35 పీపీటీ ప్రమాణ ద్రావణంతోనే సరిచూసుకోవాలి, సున్నా దగ్గర సరిగ్గా ఉన్న పరికరం 35 దగ్గర రెండు పీపీటీ తేడా చూపడం అరుదు కాదు.

ఆ మంచినీరు ఎలాంటిదన్నది ప్రతి ఊరికీ వేరు. మా ఊరికీ, పక్కనున్న ప్లేనో, అలెన్, మకిన్నీలకూ నీరిచ్చే నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏడాదిలో ఎక్కువ కాలం క్లోరమైన్‌తో నీటిని శుద్ధి చేస్తుంది. వసంతం మొదట్లో, మార్చి నెలలో, కొన్ని వారాలపాటు గొట్టాలు శుభ్రపడడానికి వట్టి క్లోరిన్‌కు మారుతుంది. క్లోరమైన్ అంటే క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం. ఆర్‌ఓ యంత్రంలోని కార్బన్ క్లోరిన్‌ను విడగొట్టినప్పుడు అమ్మోనియా మిగులుతుంది, దానిలో కొంత పొరను దాటి చివరనున్న డీఐ రెసిన్ (మిగిలిన అయాన్లను పట్టుకునే గుళికలు) దాకా వస్తుంది. అందుకని ఇక్కడ రెసిన్ తొందరగా అరిగిపోతుంది. మామూలు కార్బన్ ఫిల్టరు క్లోరమైన్‌ను పూర్తిగా విడగొట్టలేదు కూడా, దానికి కాటలిటిక్ కార్బన్ వాడడమో, రెండు కార్బన్ ఫిల్టర్లను వరసగా పెట్టడమో చేయాలి. యంత్రం చివర టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాలు) మీటరు సున్నా చూపాలి. రెండు, మూడు అని చూపితే ఏమవుతుందిలే అనుకోవద్దు, ఆవిరయ్యే నీటికి బదులు ఏడాదిలో పోసేది ట్యాంకు నీటికి ఎన్నో రెట్లుంటుంది, అందులోని మలినాలన్నీ ట్యాంకులోనే పోగవుతాయి.

పీహెచ్ గురించి తక్కువ మాటల్లో చెబుతాను, ఎందుకంటే దాని వెంట పడడం వల్ల మేలుకన్నా చేటే ఎక్కువ. పగలు పగడాల్లోని శైవలాలు కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంటాయి కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరిగి, రాత్రి శ్వాసక్రియ వల్ల తెల్లవారుజామున తగ్గుతుంది. 7.8కీ 8.3కీ మధ్య ఈ రోజువారీ ఊపు సహజం. ఆల్కలినిటీ సరిగ్గా ఉండి పీహెచ్ ఎప్పుడూ తక్కువే ఉంటే కారణం సాధారణంగా ఇంటి గాలిలో దొరుకుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం చుట్టూ ఉంటుంది, తలుపులు కిటికీలు బిగించి ఏసీ నడిపే ఇంట్లో అది సులువుగా వెయ్యి దాటుతుంది, ఆ తేడా ఒక్కటే పీహెచ్‌ను మూడు, నాలుగు పదోవంతులు దించగలదు. టెక్సాస్ వేసవిలో కిటికీలు తెరవడం కుదిరే పని కాదు. మా ఇళ్లలో గ్యాస్ పొయ్యి మీద గంటల తరబడి వంట సాగుతుంది, సత్యనారాయణ వ్రతానికో బతుకమ్మ పండుగకో నలభై మంది ఒకే చోట కూడతారు. అలాంటి సాయంత్రాల్లో మా పీహెచ్ మీటరు గీత కిందికి వంగడం స్పష్టంగా కనిపిస్తుంది. కారణం ఇదేనా అని తేల్చుకోవాలంటే ఒక గ్లాసు ట్యాంకు నీటిని పెరట్లోకి తీసుకుపోయి గంటసేపు గాలి బుడగలు పంపి మళ్లీ కొలవండి. పీహెచ్ పెరిగితే ఇంటి గాలిదే కారణం. స్కిమ్మరు (గాలి బుడగలతో మురికిని నురుగుగా తీసే యంత్రం) గాలి పీల్చే గొట్టాన్ని గోడ గుండా బయటికి పెట్టడంతోనే చాలావరకు సర్దుకుంటుంది. సీసాలో అమ్మే పీహెచ్ పెంచే ద్రావణాలు నిజానికి ఆల్కలినిటీని పెంచేవే, అవి పోసిన రోజు నుంచి పైన వేసుకున్న లెక్కంతా తారుమారవుతుంది.

నైట్రేట్, ఫాస్ఫేట్‌లు పూర్తిగా లేకపోవడం శుభ్రతకు గుర్తని ఒకప్పుడు అందరూ అనుకునేవారు. ఇప్పుడు ఆ అభిప్రాయం మారింది. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంటే పగడాల రంగు, కండ రెండూ బాగుంటాయి. రెండూ సున్నాకు పడిన ట్యాంకుల్లో డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు గోధుమరంగు జిగురుగా ఇసుకను, రాళ్లను కప్పేయడం సాధారణం. ఫాస్ఫేట్ విషయంలో ఒక చిక్కుంది. అది అరగొనైట్ రాళ్లకు అతుక్కుని, నీటిలో తగ్గినప్పుడు మళ్లీ వదులుతుంది. ఐరన్ ఆక్సైడ్ గుళికలు పెట్టి తగ్గించినా కొన్ని రోజులకు అదే సంఖ్య తిరిగి రావడానికి కారణం ఇది. గుళికలు పనిచేయడం లేదని ఒకేసారి రెట్టింపు వేస్తే ఫాస్ఫేట్ కుప్పకూలుతుంది, పగడాలు అదిరిపోతాయి, వాటి ఆల్కలినిటీ వాడకం ఒక్కసారిగా మారుతుంది. చిన్న మోతాదులో, వారాల మీద తగ్గించడమే క్షేమం. కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. హానా కంపెనీ ఫాస్ఫరస్ చెకరు అనే చిన్న మీటరు పీపీబీలలో (పీపీఎంలో వెయ్యో వంతు) ఫాస్ఫరస్‌ను చూపుతుంది, దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది. ఈ గుణకారం మరచిపోయినవారు తమ ట్యాంకులో ఉన్న ఫాస్ఫేట్‌ను మూడో వంతుగా అంచనా వేసుకుంటారు.

నీరు మార్చడం మంచిదే కానీ, ఉప్పు బస్తా మీద రాసిన ఆల్కలినిటీని చూడకుండా మార్చకూడదు. కొన్ని ఉప్పుల్లో అది 11, 12 దాకా ఉంటుంది. 8 దగ్గర నడిచే ట్యాంకులో 12 ఉన్న నీటిని పది శాతం మారిస్తే 0.4 పెరుగుతుంది, ఫరవాలేదు. ముప్పై శాతం మారిస్తే 1.2 పెరుగుతుంది, అది పగడాలకు దెబ్బే. మీరు నిలిపే స్థాయికి దగ్గరగా ఉన్న ఉప్పును ఎంచుకోవడం, బస్తా తెరిచిన కొత్తలో ఒకసారి కలిపి కొలిచి చూడడం, వారానికి పది శాతానికి మించకుండా మార్చడం ఈ మూడూ సరిపోతాయి.

హైదరాబాదు, విశాఖపట్నాల్లోని మిత్రులు ఇలాంటి ట్యాంకు అక్కడ పెట్టవచ్చా అని అడుగుతుంటారు. రసాయనం ఎక్కడైనా ఒకటే కానీ చట్టం ఒకటి కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు 2001 నుంచి మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది. మన్నార్ సింధుశాఖ నుంచో, లక్షద్వీప్ నుంచో తెచ్చామని ఎవరైనా అమ్మజూపితే కొనడం నేరమే, పైగా ఇప్పటికే వేడెక్కిన నీటితో సతమతమవుతున్న ఆ దిబ్బలకు అన్యాయం. అమెరికాలో మాకు దొరికేవి చాలావరకు ఇతరుల ట్యాంకుల్లో పెరిగిన పగడాల నుంచి కోసిన చిన్న ముక్కలు. నా ట్యాంకులోని మాంటిపొరా కొమ్మలు కూడా అలా చేతులు మారుతూ వచ్చినవే. మన కోస్తా తీరం వెంట పెద్ద పగడపు దిబ్బలు ఏర్పడకపోవడంలో కూడా ఈ వ్యాసంలోని విషయమే కనిపిస్తుంది. గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు లవణీయతను దించుతుంది, ఒండ్రు వెలుతురును అడ్డుకుంటుంది.

మాలాంటి వారికి ఏడాదికో రెండేళ్లకో నాలుగైదు వారాలు ఇండియాకు వెళ్లడం తప్పదు, అప్పుడు ట్యాంకును పొరుగు మిత్రుడికి అప్పగించవలసి వస్తుంది. వెళ్లే ముందు రెండు వారాల్లో ఏ మార్పూ చేయకూడదు. కొత్త పగడం, కొత్త దీపం, కొత్త ఉప్పు ఏదీ వద్దు, వాడకపు సంఖ్య నిలకడగా ఉందని కాగితం మీద చూసుకుని వెళ్లాలి. రోజుకు వంద మిల్లీలీటర్ల చొప్పున అయిదు వారాలకు ఒక్కో ద్రావణం మూడున్నర లీటర్లు కావాలి, అయిదు లీటర్ల డబ్బాలు నింపి పెడితే నిశ్చింత. మిత్రుడికి నేను అప్పగించే పనులు మూడే. ఆర్‌ఓ నీటి డబ్బా నింపడం, ముందే పొట్లాలు కట్టి పెట్టిన మేతను రోజుకొకటి వేయడం, వారానికి రెండుసార్లు ఆల్కలినిటీ కొలిచి సంఖ్యను వాట్సాప్‌లో పంపడం. మేతను పొట్లాలుగా కట్టకపోతే ప్రేమ కొద్దీ ఎక్కువ వేస్తారు, ఫాస్ఫేట్ రెట్టింపవుతుంది. సంఖ్య 7.3 కిందికి దిగినా, 8.8 దాటినా ఏమీ పోయకుండా ముందు కిట్టుతో ఇంకోసారి కొలవమని, తరువాత డోసింగ్ గొట్టం మూతిని ఫోటో తీసి పంపమని చెబుతాను. సోడా గొట్టం కొసన ఉప్పు పేరుకుని మూసుకుపోవడం, గొట్టం డబ్బాలో నుంచి పైకి జారి గాలి పీల్చడం, ఈ రెండింటిలో ఏదో ఒకటి కారణంగా తేలడమే ఎక్కువ. తిరిగి వచ్చిన రోజు మొదట కొలవవలసింది లవణీయత, తరువాత ఆల్కలినిటీ. ఆ రెండూ చూడకుండా, ట్యాంకు మురికిగా కనిపించిందని వచ్చీరాగానే సగం నీరు మార్చవద్దు.